1962 టాప్స్ సెట్‌లో లేని మౌరీ విల్స్: ఇంట్లో చేసిన ఒక ఖాళీ పూరింపు కార్డు, మొదటి నుంచి చివరి దాకా

1962లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) మౌరీ విల్స్ 104 బేస్‌లు దొంగిలించాడు, అంటే బంతి విసిరే పిచ్చర్ కన్నుగప్పి తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరాడు. 1915 నుంచి టై కాబ్ పేరిట ఉన్న 96 రికార్డు దాంతో చెరిగిపోయింది. ఆ ఏడాది రెండు ప్రధాన లీగుల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) కూడా అతనే. అయినా ఆటగాళ్ల బొమ్మల కార్డులు అచ్చేసే టాప్స్ కంపెనీ అదే సంవత్సరం వేసిన 598 కార్డుల సెట్‌ను ఒకటి నుంచి చివరి దాకా తిరగేసినా విల్స్ కనిపించడు. ఆ కార్డు అరుదైనదీ కాదు, ఖరీదైనదీ కాదు. అసలు అచ్చే కాలేదు.

టాప్స్ అప్పట్లో ఆటగాళ్లు కింది స్థాయి మైనర్ లీగుల్లో ఉండగానే ఐదు డాలర్లు చేతిలో పెట్టి ఒప్పందం రాయించుకునేది. 1951 నుంచి ఏళ్ల తరబడి మైనర్ లీగుల్లోనే తిరిగిన విల్స్‌కు ఆ ఒప్పందం దక్కలేదు. పేరొచ్చాక అతనూ టాప్స్‌కు దూరంగానే ఉన్నాడు. 1963లో పోటీ కంపెనీ ఫ్లీర్ వేసిన చిన్న సెట్‌లో 43వ కార్డుగా వచ్చాడు. టాప్స్‌లో మొదటి కార్డు 1967లో, 570వ నంబరుతో. అప్పటికి ఒంటి మీద పిట్స్‌బర్గ్ పైరేట్స్ చొక్కా ఉంది.

ఈ లోటు టాప్స్‌కూ తెలుసు. 1975 సెట్‌లో పాత ఎంవీపీల కార్డులు వేసినప్పుడు 200వ కార్డు మీద మికీ మాంటిల్ పక్కన విల్స్‌కు 1962 నమూనాలో ఒక కార్డు కల్పించి చూపింది. 1987లో 315వ కార్డుగా మళ్లీ గుర్తుచేసింది. రెండు చోట్లా ఆ బొమ్మ వేరే కార్డు చట్రంలో ఇమిడిన చిన్న బొమ్మే. 1962 బైండర్‌లో మిగతా కార్డుల సరసన నిలబడే పూర్తి సైజు కార్డు కావాలంటే చేసుకోవాల్సిందే.

అలా చేసిన ఒక కార్డు వివరాలివి. దీనికి పెట్టుకున్న నియమం ఒక్కటే: 1962 వసంతంలో ప్యాకెట్‌లో వచ్చి ఉంటే ఈ కార్డు ఎలా ఉండేదో అలాగే ఉండాలి, అప్పటికి ఎవరికీ తెలియని సంగతి ఒక్కటి కూడా దాని మీద ఉండకూడదు.

104 ఎక్కడా రాకూడదు

ఇంట్లో చేసే విల్స్ కార్డుల్లో తరచూ దొర్లే తప్పు ఇదే. కార్డు వెనక "104 దొంగతనాల వీరుడు" అని రాసేస్తారు. 1962 కార్డులు ఆ సీజన్ మొదలయ్యే వేళ నుంచి సిరీస్‌లుగా, అంటే విడతలుగా, దుకాణాలకు వచ్చినవి. వాటి వెనక ఉండేది 1961 దాకా జరిగిన ఆట. 104 అనే అంకె పుట్టింది ఆ ఏడాది చివర్లో.

కాబట్టి వెనక రాతకు 1961తో ముగిసే సమాచారమే తీసుకోవాలి. అదేం తక్కువ కాదు. 1959 జూన్‌లో డాడ్జర్స్‌లో చేరి, ఆ ఏడాదే వరల్డ్ సిరీస్ (రెండు లీగుల విజేతల మధ్య జరిగే ఫైనల్ పోటీ) గెలిచిన జట్టులో ఆడాడు. 1960లో 50 బేస్‌లు దొంగిలించాడు. 1923లో మాక్స్ కేరీ తర్వాత నేషనల్ లీగ్‌లో 50 అందుకున్నది మళ్లీ అతనే. 1961లో 35తో రెండోసారి లీగ్‌లో మొదటి స్థానం, దానితోపాటు ఫీల్డింగ్‌కు ఇచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డు. 1961లో 148 ఆటలు, బ్యాటింగ్ సగటు .282. మూడు సీజన్లు కలిపితే 83, 148, 148, మొత్తం 379 ఆటలు. గణాంకాల పట్టికలో ఏ గడులు ఉండాలో ఊహించి పెట్టకూడదు. అదే సెట్‌లో ఏదైనా డాడ్జర్స్ బ్యాటర్ కార్డు వెనక్కి తిప్పి, అక్కడున్న గడులే, అదే వరుసలో నింపాలి. పిచ్చర్ కార్డు చూసి చేస్తే గడులు వేరేగా వస్తాయి.

ఫొటోకూ ఇదే పరీక్ష. డాడ్జర్స్ 1961 చివరి దాకా లాస్ ఏంజెలెస్ కొలీసియంలో ఆడారు. డాడ్జర్ స్టేడియం తెరిచింది 1962 ఏప్రిల్ 10న. ఫొటో వెనకాల కొత్త స్టేడియం అంతస్తుల గ్యాలరీలు కనిపిస్తే ఆ కార్డు ప్యాకెట్‌లోకి వెళ్లే వేళకు ఆ దృశ్యమే లేదన్నమాట. విల్స్ 1969లో మాంట్రియల్ నుంచి తిరిగి డాడ్జర్స్‌కు వచ్చి 1972 దాకా ఆడాడు. చొక్కా అదే, నంబరు 30 అదే. రంగు ఫొటోలు ఎక్కువగా దొరికేవి ఆ రోజులవే కాబట్టి పొరపాటు సులువు. ముఖం వయసు చూసి వేరు చేయాలి. అన్నిటికన్నా భద్రమైనది భుజాల పైభాగం, వెనక ఆకాశమో చెట్లో మాత్రమే ఉన్న వసంతకాల శిక్షణ ఫొటో. సెట్‌లో చాలా కార్డుల కూర్పూ అదే.

ముందు వైపు టెంప్లేట్

1962 టాప్స్‌ను దూరం నుంచే గుర్తుపట్టేది చెక్క అంచుతో. ఫొటో చుట్టూ చెక్క గీతలు, కింద కుడి మూలలో ఫొటో పైకి చుట్టుకుని లేచినట్టు బొమ్మ, ఆ ఖాళీలో పేరు, జట్టు, స్థానం. చెక్క గీతల్ని కంప్యూటర్‌లో కొత్తగా గీస్తే ఎంత బాగా గీసినా పక్క కార్డుతో పోల్చిన క్షణంలో తేలిపోతుంది. అసలు కార్డు నుంచే తీయాలి.

దానికి ఖరీదైన కార్డు అక్కర్లేదు. అంచులు దెబ్బతినని, మధ్యలో కొట్టుకుపోయిన కామన్ కార్డు (పెద్ద పేరులేని ఆటగాడి చవక కార్డు) చాలు. ఫొటో భాగం ఎలాగూ తీసేస్తాం. ఒక్క జాగ్రత్త. 110 నుంచి 196 దాకా ఉన్న రెండో సిరీస్ కార్డుల్లో కొన్ని ఆకుపచ్చ ఛాయతో అచ్చయ్యాయి. ఆ నంబర్ల కార్డును ఆధారంగా తీసుకుంటే చెక్క రంగు, చర్మం రంగు రెండూ పక్కదారి పడతాయి. మొదటి సిరీస్ నుంచో, 200 దాటిన నంబర్ల నుంచో తీసుకోవడం మేలు.

స్కాన్ 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు). స్కానర్ సొంతంగా చేసే రంగుల దిద్దుబాటు, పదును పెంచడం రెండూ ఆపేయాలి. పాత అచ్చు నాలుగు రంగుల చుక్కలతో ఏర్పడింది. ఆ చుక్కల్ని అలాగే ఉంచి ఇంక్‌జెట్‌లో మళ్లీ ముద్రిస్తే ప్రింటర్ చుక్కలు, కార్డు చుక్కలు ఒకదానితో ఒకటి ఢీకొని అలల్లాంటి మచ్చలు వస్తాయి. ఫొటోలు దిద్దే జింప్ సాఫ్ట్‌వేర్‌లో గాసియన్ బ్లర్ 4 నుంచి 6 పిక్సెళ్లు ఇచ్చి చుక్కలు కలిసిపోయేలా చేసి, తర్వాత బొమ్మను 600 డీపీఐకి తగ్గించాలి. కార్డు 2.5 అంగుళాల వెడల్పు, 3.5 అంగుళాల ఎత్తు. అంటే 600 డీపీఐలో 1500 బై 2100 పిక్సెళ్లు. చుట్టూ 3 మి.మీ. అదనపు అంచు కలుపుకుంటే దాదాపు 1642 బై 2242.

ఆ అదనపు అంచులో చెక్క గీతలు కార్డు బయటికి సహజంగా సాగాలి. క్లోన్ పనిముట్టుతో గీత దిశలోనే లాగుతూ పెంచాలి. ఎడమ అంచును అద్దంలోలా తిప్పి కుడికి అతికించే దగ్గరిదారి వద్దు. చెక్కలోని ముదురు చారలు రెండు వైపులా ఒకే ఎత్తులో జంటగా కనబడతాయి, కంటికి వెంటనే తగులుతాయి.

మూలలో చుట్టుకున్న భాగాన్ని, దాని నీడను ముట్టుకోకుండా వేరే లేయర్‌లో ఉంచి, ఫొటోను దాని కింద మాస్క్‌లో పెట్టాలి. నీడ అంచు రెండు మూడు పిక్సెళ్ల మేర మెత్తగా కలవకపోతే కత్తిరించి అతికించినట్టు ఉంటుంది.

పేరు అక్షరాలకు ఫాంట్ వెతకడం వృథా. అప్పటి అక్షరాలకు దగ్గరి ఫాంట్లు దొరుకుతాయి, అచ్చంగా అవే దొరకవు. అక్షరాలూ సెట్ నుంచే తీసుకోవచ్చు. విల్స్ పేరుకు కావలసిన అక్షరాల్లో రెండు తప్ప అన్నీ అదే సెట్‌లో 300వ కార్డు విల్లీ మేస్ పేరులో ఉన్నాయి. మిగిలిన రెంటిలో "యు" శాండీ కూఫాక్స్ పేరులో, "ఆర్" జాన్ రోజ్‌బరో పేరులో దొరుకుతాయి. ఇద్దరూ డాడ్జర్స్ వాళ్లే కాబట్టి జట్టు పేరు వరుస కూడా వాళ్ల దగ్గరే తీసుకోవచ్చు. అసలు కార్డులు చేతిలో లేకపోయినా మంచి రిజల్యూషన్ స్కాన్‌తో పని జరుగుతుంది. తీసిన అక్షరాలను ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో ట్రేస్ చేసి గీత రూపంలోకి మార్చాలి. అక్షరాల మధ్య ఎడం అసలు కార్డు మీద కొలిచి పెట్టాలి. కంప్యూటర్ ఇచ్చే ఎడం ఇప్పటి అచ్చుది. పాత కార్డుల్లో అది కాస్త ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఆ ఎగుడుదిగుడే నమ్మకం కలిగిస్తుంది.

ఫొటోకు పాత రంగు

డిజిటల్ ఫొటోలో నలుపు పూర్తి నలుపు, తెలుపు పూర్తి తెలుపు. 1962 కార్డులో రెండూ ఉండవు. సిరా పీల్చుకునే అట్ట మీద నలుపు ముదురు బూడిద రంగుగా ఆగిపోతుంది. అరవై ఏళ్ల కాగితంలో తెలుపు లేత మీగడ రంగు. జింప్‌లోని లెవెల్స్ పనిముట్టులో అవుట్‌పుట్ నలుపును 0 నుంచి 28 దగ్గరికి ఎత్తి, తెలుపును 242 దగ్గరికి దించి, తెలుపులోంచి కొంచెం నీలం తీసేస్తే దగ్గరికొస్తుంది. ఈ అంకెలు ఒక ప్రింటర్, ఒక కాగితం మీద కుదిరినవి. మరో ప్రింటర్‌లో అటూ ఇటూ మారతాయి. అందుకే పూర్తి కార్డు ముద్రించేముందు ఫొటోలోంచి ఒక సన్నని పట్టీని ఐదు రకాల సర్దుబాట్లతో పక్కపక్కనే ముద్రించి, పగటి వెలుతురులో అసలు కార్డు పక్కన పెట్టి చూడాలి. ఎల్ఈడీ బల్బు కింద సరిపోయిన గోధుమ రంగు కిటికీ దగ్గర ఎర్రగా కనిపించడం మామూలే.

డాడ్జర్స్ టోపీ నీలం ఇంక్‌జెట్‌లో ఊదాగా వస్తుంది. స్క్రీన్ మీద బాగున్న ముదురు నీలానికి ప్రింటర్ మెజెంటా ఎక్కువ కలపడమే కారణం. టోపీని మాత్రమే ఎంచుకుని మెజెంటాను పది నుంచి పదిహేను శాతం తగ్గిస్తే సరిపోయింది. మొత్తం బొమ్మలో తగ్గిస్తే ముఖం పాలిపోతుంది.

కాగితం, మందం, పొరలు

ఎక్కువ సమయం తినేది ఈ భాగమే. ఎక్కువ కార్డులు చెడేదీ ఇక్కడే.

ముందుగా మందం. ఒక్క కార్డును కొలిస్తే తప్పు వస్తుంది. సెట్‌లోని పది కామన్ కార్డుల్ని దొంతరగా పేర్చి డిజిటల్ కాలిపర్‌తో నొక్కకుండా కొలిచి పదితో భాగించాలి. ఈ కేసులో వచ్చిన లక్ష్యం 0.42 మి.మీ.

మొదటి ప్రయత్నం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) తెల్ల కార్డు కాగితం మీద, రెండు వైపులా నేరుగా ముద్రణ. మూడు లోపాలు వచ్చాయి. ప్రింటర్ రెండోసారి కాగితాన్ని పట్టినప్పుడు వెనక వైపు 1.5 మి.మీ. జరిగింది. కోసిన అంచు తెల్లగా మెరిసింది. అసలు కార్డు అంచు బూడిద రంగు. వెనక వైపు బూడిద రంగును ముద్రించి తెప్పించడం వల్ల సన్న అక్షరాల చుట్టూ చుక్కలు కనిపించాయి.

ఇక్కడ మన స్వీట్ బాక్సులు చేసే గ్రేబ్యాక్ డ్యూప్లెక్స్ బోర్డు గుర్తొస్తుంది: ఒక వైపు తెల్ల పూత, ఇంకో వైపు బూడిద అట్ట. హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల కాగితం టోకు దుకాణాల్లో సులువుగా దొరుకుతుంది, అంచు రంగు కూడా చక్కగా కలుస్తుంది. అయితే ఆ తెల్ల పూత ఇంక్‌జెట్ సిరాను పీల్చదు. సిరా పైన తేలి, రోజు గడిచినా వేలికి అంటుతుంది. డిజిటల్ ప్రెస్ ఉన్న షాపులో లేజర్ టోనర్‌తో వేయిస్తే నిలుస్తుంది గానీ, కోసేటప్పుడు మూలల దగ్గర టోనర్ పెచ్చులూడే ప్రమాదం ఉంది. ఒకే కార్డు కోసం కాకుండా ఇరవై ముప్పై కార్డులు ఒకేసారి చేసేవారికి ఆ దారి పనికొస్తుంది.

ఈ కేసులో చివరికి నిలిచింది మూడు కాగితాల పొర. ముందు వైపు 0.15 మి.మీ. మ్యాట్ ఇంక్‌జెట్ కాగితం. మధ్యలో పూత లేని 0.10 మి.మీ. బూడిద రంగు రీసైకిల్ కాగితం. వెనక వైపు అదే బూడిద కాగితం మరొకటి, దాని మీదే వెనక రాత ముద్రణ. పొరల మధ్య రెండు 0.04 మి.మీ. డబుల్ సైడ్ అంటు షీట్లు. మొత్తం 0.43, బరువు కింద ఉంచాక 0.42.

ఫెవికాల్ లాంటి నీటి జిగురు వాడకూడదు. నీళ్లకు కాగితం ఉబ్బుతుంది, ముందు కాగితం ఒక రకంగా, బూడిద కాగితం ఇంకో రకంగా ఉబ్బి, ఆరేటప్పుడు కార్డు పడవలా వంగిపోతుంది. స్ప్రే జిగురు ఫరవాలేదు, కానీ ఒకసారి తాకితే సర్దుకునే అవకాశం తక్కువ. అంటు షీట్‌కు వెనక కాగితాన్ని ఒక చివర సెంటీమీటరు మాత్రమే ఒలిచి, అక్కడ అంటించి, మిగతాది నెమ్మదిగా లాగుతూ రోలర్‌తో నొక్కుకుంటూ పోవచ్చు; బుడగలు రావు.

కాగితానికి నార దిశ ఉంటుంది. చిన్న ముక్కను రెండు వైపులా మెల్లగా వంచి చూస్తే సులువుగా వంగే వైపు తెలుస్తుంది. మూడు పొరల్లోనూ ఆ దిశ ఒకటే, కార్డు పొడవు వైపుగా ఉండాలి. ఒక పొర అడ్డంగా పడినా వానాకాలం గాలికి కార్డు మెలి తిరుగుతుంది.

ముద్రణ, జత చేయడం

ప్రింట్ సెట్టింగ్‌లో "పేజీకి సరిపోయేలా" అన్నది ఆన్‌లో ఉంటే కార్డు మూడు శాతం దాకా కుంచించుకుంటుంది. 2.5 అంగుళాలది 2.43 దగ్గర ఆగుతుంది, బైండర్‌లో పక్క కార్డు పక్కన స్పష్టంగా చిన్నదిగా కనబడుతుంది. "అసలు సైజు, 100 శాతం" ఎంచుకుని, పేజీ మూలలో రెండు అంగుళాల గీత కూడా వేసి, ముద్రించాక స్కేలుతో కొలిచి చూడాలి.

ఏ4 కాగితం మీద తొమ్మిది కార్డులు పడతాయన్న లెక్క అదనపు అంచు లేకుండా మాత్రమే నిజం. 3 మి.మీ. అంచుతో మూడు కార్డుల వెడల్పు దాదాపు 209 మి.మీ. అవుతుంది, కాగితమే 210. ప్రింటర్ వదిలే మార్జిన్‌కు చోటు లేదు. నాలుగు కార్డులతో ఆగడం మంచిది. కత్తిరింపు గుర్తులకూ, చేతి పట్టుకూ చోటు మిగులుతుంది. ఎలాగూ ఒక కార్డు కోసం నాలుగైనా ముద్రించాలి, కోతలో ఒకటి రెండు పోతాయి.

సిరా పిగ్మెంట్ రకం అయితే మేలు. బూడిద కాగితం మీద వెనక రాతను అత్యధిక నాణ్యతలో కాకుండా మామూలు కాగితం సెట్టింగ్‌లో వేయాలి. నాణ్యత పెంచితే సిరా ఎక్కువ పడి, పూత లేని కాగితంలో పాకి, చిన్న అక్షరాల లోపలి రంధ్రాలు పూడుకుపోతాయి. 8, 6, 9 అంకెలు ఒకేలా కనిపిస్తే కారణం అదే.

ముద్రించాక 24 గంటలు ఆరనివ్వాలి. తర్వాత ముందు షీట్ మీద పలుచగా ఒక్కసారి సాటిన్ రకం అక్రిలిక్ స్ప్రే, 30 సెం.మీ. దూరం నుంచి. మ్యాట్ కాగితం ఒట్టిగా వదిలేస్తే మరీ జీవం లేనట్టుంటుంది. అసలు కార్డుకు లేత మెరుపు ఉంది. గ్లాసీ ఫొటో కాగితం వాడితే మెరుపు మితిమీరడమే కాదు, కోసిన అంచులో ప్లాస్టిక్ పొర తెల్ల గీతలా బయటపడుతుంది.

ముందు, వెనక వైపుల్ని కలపడానికి కత్తిరింపు గుర్తుల్లో ఎదురెదురు మూలల రెంటిని సన్న సూదితో పొడవాలి. రెండు షీట్లకూ అవే గుర్తుల దగ్గర పొడిచి, సూదులు రెండూ దూర్చి జత చేస్తే తేడా అర మిల్లీమీటరు లోపే ఉంటుంది. అసలు టాప్స్ కార్డులు కూడా ఇంతకన్నా ఎక్కువ పక్కకు జరిగి అచ్చయినవి బోలెడు ఉన్నాయి కాబట్టి ఈ తేడా చాలు.

అతికించాక బరువైన పుస్తకాల కింద ఒక రోజు.

కోత

కొత్త బ్లేడు, స్టీలు స్కేలు, కటింగ్ మ్యాట్. పొడవు వైపులు ముందు, పొట్టి వైపులు తర్వాత. ఒకే దెబ్బకు కోయాలని గట్టిగా నొక్కితే బ్లేడు పొరల మధ్య ఒరిగి, ముందు వైపు సరిగ్గా ఉన్నా వెనక వైపు వాలుగా తెగుతుంది. తేలిగ్గా మూడు నాలుగుసార్లు లాగాలి. కార్డు భాగం ఎప్పుడూ స్కేలు కిందే ఉండాలి. బ్లేడు జారినా పోయేది వృథా ముక్కే. చేతిపిడి గిలటిన్ కట్టర్ పొరల అట్టను లాగేస్తుంది, చివరికి వచ్చేసరికి ఒక మిల్లీమీటరు పక్కకు పోతుంది. దుకాణాల్లో దొరికే కార్డు సైజు పంచ్‌లలో చాలావాటికి గుండ్రటి మూలలు. 1962 కార్డుకు మూలలు పదునైనవి.

చెక్క అంచు సన్నది కాబట్టి కోత అర మిల్లీమీటరు పక్కకు జరిగినా కనిపిస్తుంది. సగటున నాలుగు కోతల్లో రెండు బాగా వచ్చాయి.

వెనక వైపు మరో రెండు మాటలు

అసలు కార్డుల వెనక టాప్స్ హక్కుల గుర్తు ఉంటుంది. దాన్ని పెట్టకూడదు. ఆ చోట, అదే చిన్న అక్షరాల్లో, ఇది ఇంట్లో చేసిన కార్డు అని, చేసిన సంవత్సరం రాయాలి. టీ నీళ్లలో ముంచడం, మూలలు రుద్దడం, మధ్యలో మడత వేయడం వంటివి చేయొద్దు. ఇవాళ సరదాకు చేసింది ఇరవై ఏళ్ల తర్వాత సేకరణ చేతులు మారినప్పుడు ఎవరినో మోసం చేస్తుంది. కంపెనీ గుర్తులు, జట్టు గుర్తులు ఉన్న ఈ కార్డును అమ్మకానికి పెట్టడం కూడా తగదు. అది సొంత బైండర్ కోసమే.

నంబరు విషయంలో 104 ఇవ్వాలన్న ఆశ కలగడం సహజం. కానీ సెట్‌లో ఆ నంబరుకు ఇంకొకరు ఉన్నారు, పైగా ఈ కార్డుకు ఆ అంకె తెలియకూడదని మొదటే అనుకున్నాం. 598 తర్వాత వచ్చేది 599. అదే ఇచ్చాం.

నిల్వకు పాలీప్రొపిలీన్ పేజీలు. పీవీసీ పేజీల్లోని మెత్తబరిచే రసాయనం సిరాకు అంటుకుని కొన్నాళ్లకు కార్డును పాకెట్‌కు కరిపిస్తుంది. అసలు కార్డులకూ అదే గతి పడుతుంది.

తొమ్మిది పాకెట్ల పేజీల్లో 594 కార్డులకు 66 పేజీలు నిండుతాయి. 67వ పేజీలో మిగిలేవి 595 నుంచి 598 దాకా నాలుగు, అన్నీ కొత్త కుర్రాళ్ల "రూకీ పరేడ్" కార్డులు. పై వరుసలో మూడు, రెండో వరుసలో మొదటిది ఒకటి. ఐదో పాకెట్ పేజీకి సరిగ్గా నడిమధ్య. 599వ నంబరు విల్స్ అక్కడ కూర్చుంటాడు.